దేవుడు పడిన వల

వలలో దేవుడు పడ్డాడని బోటు ఇంకా కెరటాల అవతల ఉండగానే పేటకి తెలిసిపోయింది. సూరయ్య బోటులో లేచి నిలబడి, తలకి చుట్టిన తువ్వాలు తీసి నడుముకి కట్టుకున్నాడు. కొత్తగెడ్డపేటలో తాబేలుని తాబేలని పిలవరు, దేవుడంటారు. వలలో పడితే కేక వెయ్యరు. మగాళ్లు తలమీది తువ్వాలు తీసి నడుముకి కడతారు, గట్టు మీదున్న ఆడవాళ్లు అది చూసి పసుపు కోసం ఇళ్లకి పోతారు. ఎవరు పెట్టారో ఈ పద్ధతి, ఎప్పుడు పెట్టారో, అడిగినవాడు లేడు.

గున్నమ్మ మాత్రం ముందు తిట్టుకుంది. దేవుణ్ణి కాదులెండి, మొగుణ్ణి. వానాకాలమంతా అరుగు మీద కూర్చుని, వేళ్లు కోసుకుపోయేలా తను అల్లిన రొయ్యల వల అది. నీళ్లలో దిగి ఇంకా నెల కాలేదు. దేవుడు పడ్డాడంటే వల కొయ్యాలి. చిక్కులు విప్పుతూ కూర్చుంటే ఆయనకి ఊపిరాడదు. అందుకని మెడకి చుట్టుకున్నచోట, రెక్కకి చుట్టుకున్నచోట వలనే కోసేస్తారు. ఇంత సముద్రం ఖాళీగా ఉంటే నా వలే కనబడిందా స్వామీ అనుకుంటూనే ఇంట్లోకెళ్లి పసుపు, కుంకుమ, కొబ్బరికాయ పట్టుకొచ్చింది.

బోటు ఇసక ఎక్కింది. నలుగురు పట్టుకుని దేవుణ్ణి దించారు. చాలా పెద్దది. ముందు రెక్కలు రెండూ ఇసకని కొడుతున్నాయి. వీపు చిప్ప వెనక కుడిపక్క అరచెయ్యంత ముక్క లేచిపోయి ఉంది, ఏ మరబోటు పంకా రెక్కో తగిలి ఎప్పుడో మానిన దెబ్బ. గున్నమ్మ ఆ అంచు మీద వేలు పెట్టి తడిమింది. ఇందాక తిట్టుకున్నదంతా ఆ వేలితోనే పోయింది. దేవుడి కళ్ల నుంచి జిగురుగా నీళ్లు కారుతున్నాయి. కొంగుతో ఆ నీళ్లు తుడిచి, చిప్పంతా పసుపు రాసి, నడినెత్తిన కుంకుమ పెట్టింది.

కూతురు ఉష మోకాళ్ల మీద కూర్చుని ఫోను పట్టుకుంది. రాజాంలో కాలేజీ చదువు, శివరాత్రి సెలవలకి వచ్చింది. "అమ్మా, సెయ్యి తియ్యకు. అలాగే ఉంచు, ఇటు సూడు," అంది. గున్నమ్మ ఫోను వైపు చూడలేదు. అందుకే ఫొటో అంత బాగా వచ్చింది. ఎర్ర గాజుల చెయ్యి, పసుపు చిప్ప, తల ఎత్తి చూస్తున్న దేవుడు.

కొబ్బరికాయ కొట్టారు. నీళ్ల దాకా దేవుడు తనే నడిచాడు. ఒక కెరటం పసుపు కడిగేసింది, తరవాతి కెరటం ఆయన్నే తీసుకుపోయింది. ఈ వదిలిపెట్టడం మాత్రం ఎవరూ ఫొటో తియ్యలేదు. ఆ సమయానికి ఉష మొదటి ఫొటోకి ఎంతమంది లైకులు కొట్టారో చూసుకుంటోంది.

సూరయ్య చిరుగుల వల భుజాన వేసుకుని వచ్చాడు. పోనీలేవే, కోసింది వలనే గదా అన్నాడు. నువ్వు కూచుని అల్లు, అప్పుడు తెలస్తాది అని గున్నమ్మ అంది. ఇద్దరూ నవ్వుకుంటూనే ఇంటికెళ్లారు.

*

తీర పరిశీలన ఆఫీసరు మోహనకృష్ణ జీపు దిగేసరికి గున్నమ్మ రొయ్యలు వలుస్తోంది. ఆ ఆఫీసు కొత్తది, ఆయనా కొత్తవాడే. బూట్లలో ఇసక దూరితే ఒంటికాలి మీద నిలబడి దులుపుకునేవాడు. చెడ్డవాడని అనలేం, వట్టి భయస్తుడు. పైవాళ్లంటే భయం, కాగితమంటే భయం, ఉద్యోగం పోతుందని భయం. అలాంటివాడి చేతికి కొత్త చట్టం ఇచ్చి పంపించారు.

ఆయన ఫోను తీసి ఫొటో చూపించి, ఈ చెయ్యి మీదేనామ్మా అని అడిగాడు. గున్నమ్మ ముఖం వెలిగిపోయింది. రొయ్య పొట్టు అంటిన చేతులు కొంగుకి తుడుచుకుని, నాదేనండి, గాజులు కూడా నాయే అంది. అక్కడితో ఆగినా బాగుండేది. వల మాదేనండి, బోటు మాదేనండి, దేవుణ్ణి దించింది ఇదిగో ఈ రేవులోనేనండి అని చెయ్యి చాపి చూపించింది. ఏదో బహుమతి ఇస్తాడనుకుంది పాపం. ఆయన అన్నీ రాసుకున్నాడు.

అప్పుడు చెప్పాడు. మన దేశం సముద్రం అవతల దేశాలతో వర్తకానికి ఒప్పందం చేసుకుంటోందట. మన రొయ్యలు ఆ దేశాల్లో దిగాలంటే మన వలల్లో తాబేళ్లు చావకూడదని వాళ్లు షరతు పెట్టారట. దానికి తగ్గట్టు ఇక్కడ చట్టాలు మార్చారట. ఏ రేవులో తాబేలు వలకి పడినట్టు రుజువు దొరికితే ఆ రేవు రొయ్య ఓడ ఎక్కదట. రుజువు దొరికింది కాబట్టి ఇక తన చేతుల్లో ఏమీ లేదట.

సూరయ్య రెండు చేతులూ జోడించాడు. "సావలేదు బాబూ. ఒగ్గీసినాం. ఊరందరం సూసినాం."

"వదిలేసినట్టు ఫొటో ఉందా?" అన్నాడు మోహనకృష్ణ.

ఉష తల దించుకుంది.

బోటుకి గొలుసు వేసి కొబ్బరిచెట్టుకి కట్టి తాళం వేశారు. బోటు ముక్కు మీద ఎర్ర రంగుతో పెద్ద గీత గీశారు. లక్ష్మివారం నాడు ఒప్పందం దేశాల వాళ్లు ఈ తీరం చూడటానికి వస్తున్నారని, వాళ్లు సరే అంటే మళ్లీ రొయ్య కొంటారని, ఈలోగా ఇంకొక్క తాబేలు మాట వినబడినా సరే రేవు మూసేస్తారని చెప్పి మోహనకృష్ణ వెళ్లిపోయాడు. వెళ్లేముందు బూట్లు దులుపుకున్నాడు.

ఆ సాయంత్రం రొయ్యలు కొనే ఉమాశంకర్ వేన్ పైన రోడ్డు మీదే ఆగింది, కిందకి రాలేదు. ఆడవాళ్లు గంపలు నెత్తిన పెట్టుకుని పైకెక్కారు. ఉమాశంకర్ అద్దం సగం దించి, మీ రేవుకి ఎర్ర గీత పడింది, ఇప్పుడు మీ రొయ్య ముట్టుకుంటే నా లైసెన్సు కూడా పోతుంది, నన్ను తిట్టుకోకండమ్మా అన్నాడు. ఐసు పెట్టెలన్నా ఇచ్చి పొమ్మంటే అవి కూడా దించలేదు. మర్నాటికి రొయ్యలు నల్లబడ్డాయి, ఆ పైన వాసనేశాయి. ఆడవాళ్లు గోతులు తవ్వి ఇసకలో పాతారు. గంపలు ఖాళీ చేసేటప్పుడల్లా ఒక్కొక్కరూ గున్నమ్మ ఇంటి వైపు చూశారు.

*

పేట రేవులో పడవల దగ్గర కూడింది. కులపెద్ద కూర్మయ్య నిదానస్తుడు, గొంతు పెంచడు. ఆయన చెప్పింది విన్నవాళ్లకి న్యాయంగానే తోచింది. సముద్రంలో దేవుడున్నాడు, మనకి వలుంది, పడకుండా ఎలా ఉంటాడు. పడితే గట్టుకి తెస్తే కేసు. సముద్రంలోనే ఒగ్గేద్దామంటే సగం ఊపిరి పోయినవాడు ఏదో ఒక రేవుకి తేలతాడు, మెడమీద వల గీతలతో తేలతాడు, అప్పుడూ కేసే. తేలకూడదంటే దారి ఒకటే. అక్కడే పొట్ట కోసి, రాయి కట్టి, ముంచెయ్యాలి. తప్పు మనది కాదు, చెయ్యమన్నవాళ్లది. బోటుకి ఒకడు చొప్పున వచ్చి కర్పూరం ఆర్పి ప్రమాణం చెయ్యండి.

చేశారు. ఒకరి ముఖం ఒకరు చూసుకోకుండా వచ్చి, వెలుగుతున్న కర్పూరం మీద అరచెయ్యి అదిమి ఆర్పి, మాట ఇచ్చి పోయారు. గున్నమ్మ తమ్ముడు యుగంధర్ కూడా చేశాడు. వాడికి కిందటేడే పెళ్లయింది, పెళ్లాం కడుపుతో ఉంది, బోటు మీద తెచ్చిన అప్పు బోటంత ఉంది. చెయ్యి కాలిందో ఏమో, నోట్లో పెట్టుకున్నాడు.

సూరయ్య వంతు వచ్చింది. ఆయన కర్పూరం ముందు కూర్చున్నాడు. అది వెలిగి వెలిగి దానంతటదే ఆరిపోయింది. కూర్మయ్య ఇంకొకటి వెలిగించాడు. అదీ ఆరిపోయింది.

"నాను కొయ్యను," అన్నాడు సూరయ్య. "నా బోటు ఎలాగూ కట్టీసినారు. దాన్ని మీరే తీసుకోండి. దేవుణ్ణి మట్టుకు కొయ్యను. ఎవడు కోసినా సూస్తా ఊరుకోను."

ఆ చివరిమాటే కొంప ముంచింది. చూస్తూ ఊరుకోనంటే చెబుతాడన్నమాట. ఎవరికి చెబుతాడు? జీపుకి. ఎవరో వెనక నుంచి అననే అన్నారు, ఫొటో కూడా కావాలనే పెట్టించాడని. ఆ మాట అన్నదెవరో తరవాత ఎంత అడిగినా తేలలేదు.

యుగంధర్ లేచాడు. "బావా, ప్రమాణం సెయ్యి," అన్నాడు. సూరయ్య తల అడ్డంగా ఊపాడు. "సెయ్యి బావా. నీ కాళ్లు పట్టుకుంటాను." నిజంగానే వంగి కాళ్లు పట్టుకున్నాడు. సూరయ్య కాళ్లు వెనక్కి లాక్కున్నాడు. పట్టుకున్న కాళ్లు జారిపోయేసరికి వాడికేమయిందో, పక్కనున్న తెడ్డు అందుకుని లేచి కొట్టాడు.

మొదటి దెబ్బ భుజం మీద పడింది. రెండోది ఆపడానికి సూరయ్య చెయ్యి అడ్డం పెట్టాడు. చెయ్యి విరిగిన చప్పుడు పేటంతా విన్నది. ఇక ఆపేవాడు లేడు. పొయ్యి వెలగని ఇళ్లవాళ్లు, ఇసకలో రొయ్యలు పాతి వచ్చినవాళ్లు, ఒక్కొక్కడు ఒక్కొక్క తన్ను తన్నాడు. సూరయ్య పడవల మధ్య బోర్లాపడి, మంచి చేత్తో తల కప్పుకున్నాడు. నోట్లోంచి నెత్తురూ ఇసకా కలిసి వస్తున్నాయి. గున్నమ్మ వాళ్ల కాళ్ల మధ్యనుంచి దూరి మొగుడి మీద పడింది. తన్నులు ఆమె నడుముకీ తగిలాయి. లెగు అప్పా అని యుగంధర్ అక్క జుట్టు పట్టుకుని లాగాడు. చిన్నప్పుడు తను చంకనెత్తుకుని తిప్పిన తమ్ముడి చెయ్యి అది. గున్నమ్మ ఆ మణికట్టు దొరకపుచ్చుకుని కొరికింది. పళ్లు దిగేదాకా కొరికింది. వాడు అరిచి వదిలేశాడు.

అప్పుడు వల తెచ్చారు. కోసిన చోట్ల సగం బాగుచేసిన వల. దాని మీద డీజిలు పోసి అంటించారు. నైలాను మండుతూ చుక్కలు చుక్కలుగా ఇసక మీద కారింది. నల్లటి పొగ. గున్నమ్మ ఏడవలేదు. ఉష ఏడ్చింది, వెక్కి వెక్కి, ఫోను ఇసకలో పారేసి.

కట్టు కట్టే ఆయన్ని పక్క పేట నుంచి పిలిపించారు. వెదురు బద్దలు పెట్టి, కోడిగుడ్డు సొన పూసి కట్టాడు. సూరయ్య గోడ వైపు తిరిగి పడుకున్నాడు. గంజి తాగమంటే తాగాడు, లేవమంటే లేచాడు. ఉష ఫోను వెతికి తెచ్చుకుని ఫొటో తీసేసింది గానీ, అప్పటికే ఎవరెవరో తెలియనివాళ్లు దాన్ని తలో వైపుకీ తీసుకుపోయారు.

ఆ రోజుల్లో బోట్లు చేపలకి పోయేవి, వచ్చేవి. వచ్చినవాళ్లు బోటు అడుగు కడిగేవాళ్లు. ఎప్పుడూ కడుగుతారు గానీ, ఇన్ని బక్కెట్ల నీళ్లు పోసి ఎప్పుడూ కడగలేదు. యుగంధర్ ఒక సాయంత్రం పండుగొప్ప చేపొకటి తెచ్చి అక్క గుమ్మంలో పెట్టి, లోపలికి రాకుండా నిలబడ్డాడు. మణికట్టుకి గుడ్డ చుట్టి ఉంది. గున్నమ్మ చేపని తోక పట్టుకుని తీసుకెళ్లి వీధిలో కుక్కలకి వేసి, తలుపు వేసుకుంది.

*

లక్ష్మివారం తెల్లవారుతోంది. రేవు ఊడవటానికి ఇంటికొక ఆడమనిషి రావాలని కూర్మయ్య చెప్పించాడు. గున్నమ్మ అందరికంటే ముందే చీపురు పట్టుకుని దిగింది. అందరితో కలిసి ఊడవటం ఆమెకి ఇష్టం లేదు. వెనకే ఉష వచ్చింది.

నీళ్ల అంచున ఏదో నల్లగా కదిలింది. గున్నమ్మ ముందు బోటు చెక్కేమో అనుకుంది. చెక్క ముందుకి జరిగింది.

దేవుడు పాకుతూ వస్తున్నాడు. ఎడమ రెక్కకి తాడు కట్టి ఉంది, తాడు చివర రాయి జారిపోయిన ఉరి ముడి. పొట్ట పక్కనుంచి వెనక్కి జానెడు కోత. కోతలోంచి లోపలిది బయటికి వచ్చి ఇసక మీద ఈడ్చుకుపోతోంది. అది ఈడ్చిన దారి పొడుగునా ఎర్రగా ఉంది. ఇంత జరిగినా రెక్క వేస్తోంది, ఆగుతోంది, మళ్లీ రెక్క వేస్తోంది. వీపు చిప్ప వెనక కుడిపక్క అరచెయ్యంత ముక్క లేదు.

"అమ్మా, అదే," అంది ఉష. "మనదే." మాట అని నోరు మూసుకుంది.

గున్నమ్మ చీపురు పడేసింది. తాడు విప్పింది. దేవుణ్ణి రెండు చేతులా పట్టి నీళ్ల వైపు తిప్పి తోసింది. కెరటం తీసుకుపోయినట్టే తీసుకుపోయి మళ్లీ గట్టున పడేసింది. ఉష కూడా వచ్చి తోసింది. ఇద్దరూ నడుం లోతుకి దిగి వదిలారు. మళ్లీ వచ్చింది. వెల్లకిలా వచ్చింది. కోత నోరు తెరుచుకుని ఉప్పునీళ్లు మింగుతోంది. ఇద్దరూ పట్టి బోర్లా తిప్పారు. బతకదు. చచ్చిపోదామన్నా ప్రాణం పోదు, దీని ప్రాణం గట్టిది. ఎండెక్కాక కాకులొస్తాయి, కుక్కలొస్తాయి, ఆ తరవాత జీపులొస్తాయి.

షామియానా గుంజలకి గోతులు తవ్వడానికని గునపం భుజాన పెట్టుకుని యుగంధర్ వచ్చాడు. దేవుణ్ణి చూశాడు. గునపం కింద పడేశాడు. చేతులు వాటంతటవే తల మీదికి పోయి తువ్వాలు తీసి నడుముకి కట్టాయి. కట్టాక ఏం చేశాడో తెలిసి ఆ ముడి పట్టుకుని అలాగే నిలబడిపోయాడు.

"నీ కత్తేనేటి?" అంది గున్నమ్మ.

వాడు తల ఊపాడు. "పొట్ట కోసినాను. అది నాకేసే సూసింది అప్పా. సెయ్యి ఒణికిపోనాది. రాయి సరిగ్గా కట్నేకపోనాను." రోడ్డు వైపు చూసి, "ఇది సూత్తే ఆళ్లు నన్ను జైల్లో ఎడతారు. పేటంతా పోతాది," అన్నాడు. "నువ్వు ఇంటికి ఎల్లిపో. నాను సూసుకుంటాను."

గునపం తీసుకున్నాడు. ఎత్తాడు. దేవుడు తల ఎత్తాడు. వాడి చేతుల్లో గునపం గాలిలోనే ఊగింది, దిగలేదు. మళ్లీ ఎత్తాడు. నా మొగుడి మీద తెడ్డు దించినప్పుడు ఈ వణుకు ఎక్కడికి పోయిందిరా అని గున్నమ్మకి నోటిదాకా వచ్చింది. వాడి చేతుల్లోంచి గునపం లాక్కుంది.

ముందు మోకాళ్ల మీద కూర్చుని కొంగుతో దేవుడి కళ్ల నీళ్లు తుడిచింది. తరవాత తమ్ముడి నడుము నుంచి తువ్వాలు లాగి ఆ తల మీద కప్పింది. లేచి నిలబడి, గునపం తిరగేసి, మొద్దు వైపు కిందకి పెట్టి కొట్టింది. చిప్ప కంటే తల మెత్తన అనుకుంది గానీ, కాదు. ఇంకోసారి కొట్టింది. రెక్కలు ఇసకని ఎగజిమ్మాయి. ఆమె కళ్లలో పడింది. కళ్లు మూసుకునే కొట్టింది. రెక్కలు కదలటం ఆగాక కూడా రెండు దెబ్బలు వేసింది. యుగంధర్ వచ్చి ఆమె చేతులు పట్టుకుని, చాలు అప్పా, అయిపోనాది అన్నాడు. తువ్వాలు తడిసిపోయింది.

ఉష అటు తిరిగి వాంతి చేసుకుంటోంది. సూరయ్య ఎప్పుడు వచ్చాడో, విరిగిన చెయ్యి మెడకి కట్టుకుని వెనక నిలబడి ఉన్నాడు. పొడి ఇసక చోటు చూసి కూర్చుని, మంచి చేత్తో తవ్వటం మొదలుపెట్టాడు. యుగంధర్ పక్కన కూర్చుని గునపంతో తవ్వాడు. ఒకడు విరగ్గొట్టినవాడు, ఒకడు విరిగినవాడు, భుజం భుజం తగులుతూ నడుం లోతు గొయ్యి తీశారు. దేవుణ్ణి దించారు. తువ్వాలు, తాడు కూడా వేశారు. పూడ్చి, పైన తొక్కి, చీపురుతో సమం చేశారు. నీళ్ల అంచు దాకా ఉన్న ఎర్ర గీతని గున్నమ్మే ఊడ్చింది.

ఆ తరవాత పేట ఆడవాళ్లు వచ్చి ముగ్గులు పెట్టారు. మగాళ్లు వచ్చి షామియానా వేశారు. చదునుగా, శుభ్రంగా ఉన్న చోటు అదొక్కటే కనబడింది. కుర్చీలు అక్కడే వేశారు. వద్దని చెప్పడానికి నలుగురికీ నోరు రాలేదు. యుగంధర్ కూర్మయ్యని పక్కకి తీసుకెళ్లి చెవిలో చెప్పాడు. ఆయన పక్కవాడికి చెప్పాడు. జీపులు వచ్చేసరికి పేటలో తెలియనివాళ్లు లేరు.

*

మొదటి జీపులోంచి మోహనకృష్ణ దిగి, ముందు ఒక ఫ్లెక్సీ దించించాడు. ఇద్దరు పట్టుకుని విప్పి షామియానా గుంజలకి కట్టారు. గున్నమ్మ చూసి కొయ్యబారిపోయింది. తన చెయ్యే. తన ఎర్ర గాజులే. పసుపు రాసిన చిప్ప, తల ఎత్తి చూస్తున్న దేవుడు, మనిషెత్తున.

వచ్చినవాళ్లలో పెద్దావిడ తెల్లజుట్టు మనిషి. బూట్లు విప్పేసి వట్టికాళ్లతో ఇసకలో నడిచి వచ్చింది. ఫ్లెక్సీ చూసి, గున్నమ్మని చూసి, గుర్తుపట్టి రెండు చేతులూ పట్టుకుంది. ఆవిడ చేతులు మెత్తగా, చల్లగా ఉన్నాయి. ఇంగ్లీషులో చాలాసేపు మాట్లాడింది. మధ్యలో కళ్లు తుడుచుకుంది.

మోహనకృష్ణ తెలుగులో చెప్పాడు. ఈ ఫొటో వాళ్ల దేశాల్లో బోలెడుమంది చూశారట. ఇంత తీరంలో ఈ రేవుకే వస్తామని వాళ్లు పట్టుబట్టింది ఇది చూసేనట. వలలో తాబేలు పడటం తప్పు కాదట, అది ఎక్కడైనా పడుతుందట. పడినదాన్ని ఇలా బతికించి పంపించటమే ఒప్పందం కోరేదట, మార్చిన చట్టం కూడా చెప్పేది అదేనట. తాబేలుకి బొట్టు పెట్టి పంపించే ఊరి రొయ్యలంటే వాళ్ల జనం కళ్లకద్దుకుని కొంటారట.

ఇదంతా ఆయన మొదటినుంచీ తనకి తెలిసినట్టే చెప్పాడు. చెప్పినంతసేపూ పేటవాళ్ల వైపు మాత్రం చూడలేదు.

కూర్మయ్య లేచాడు. కుర్చీ పట్టుకుని లేవాల్సి వచ్చింది. "మరి కేసో బాబూ?" అన్నాడు.

అది మా దగ్గర చిన్న పొరపాటు, కాగితం అర్థం చేసుకోవడంలో జరిగింది, బోటు ఇవాళే వదిలేస్తాం, రేవు పేరు మీది ఎర్ర గీత కూడా తీసేయించాను అన్నాడు మోహనకృష్ణ. పైన రోడ్డు వైపు చూపించాడు. ఉమాశంకర్ వేన్ వచ్చి ఆగి ఉంది.

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. సూరయ్య తన చేతి కట్టు వైపు చూసుకున్నాడు. యుగంధర్ సూరయ్య చేతి కట్టునే చూస్తున్నాడు. ప్రమాణం చేసినవాళ్లంతా అరచేతులు ముడుచుకుని కూర్చున్నారు.

తెల్లజుట్టావిడ ఏదో అడిగింది. ఆ పద్ధతి ఒకసారి చేసి చూపించమంటున్నారమ్మా అన్నాడు మోహనకృష్ణ. జీపులోంచి ఆకుపచ్చ రంగేసిన ప్లాస్టర్ తాబేలు బొమ్మ తెప్పించి బల్ల మీద పెట్టాడు. పసుపు కుంకుమల పళ్లెం కూడా ఆఫీసువాళ్లే తెచ్చారు. అందరూ ఫోన్లు ఎత్తారు.

గున్నమ్మ పళ్లెం అందుకుంది. బల్ల దగ్గరికి వెళ్లలేదు. కుర్చీల వరస మధ్యకి నడిచింది. అక్కడి కుర్చీలో కూర్చున్న ఒక దొరగారిని లెమ్మని చేత్తో సైగ చేసింది. ఆయన నవ్వుతూ లేచి కుర్చీ జరిపాడు. ఆమె అక్కడ మోకాళ్ల మీద కూర్చుని, ముగ్గు చెరిపేసి, ఇసక మీద పసుపు పోసి గుండ్రంగా రాసింది. దేవుడు ఎంత ఉంటాడో అంత మేర రాసింది. వెనక కుడిపక్క అరచెయ్యంత చోటు రాయకుండా వదిలేసింది. నడిమధ్య కుంకుమ పెట్టింది. పెట్టిన చెయ్యి తియ్యలేదు.

తెల్లజుట్టావిడ పక్కన వచ్చి కూర్చుని, ఏమిటని కళ్లతోనే అడిగింది.

"దేవుడు ఇక్కడున్నాడమ్మా," అంది గున్నమ్మ. "కడుపు కోసింది మావోలు. తల పగలగొట్టింది నాను. ఈ సేత్తోనే. మీరొస్తన్నారనే."

ఆవిడ మోహనకృష్ణ వైపు చూసింది. ఆయన కాలి కింద ఇసక చూశాడు, ఫ్లెక్సీ చూశాడు, ఫోన్లు చూశాడు. గొంతు సవరించుకుని ఇంగ్లీషులో మెల్లగా ఏదో చెప్పాడు. ఆవిడ ముఖం విచ్చుకుంది. రెండు చేతులూ జోడించి ఆ పసుపుకి తల ఆనించి దండం పెట్టింది. ఫోన్లన్నీ ఆ దండాన్ని పట్టుకున్నాయి.

గున్నమ్మ కూతురి వైపు తిరిగింది. "ఏటి సెప్పినాడే ఆడు?"

ఉష వచ్చి తల్లి పక్కన మోకాళ్ల మీద కూర్చుంది. "దేవుడు ఇక్కడే ఉన్నాడు, మీ కోసం ఎదురు సూస్తన్నాడని సెప్పినాడమ్మా."

షామియానా వెనక వరసలో ఒక ముసలాయన తలమీది తువ్వాలు తీసి నడుముకి కట్టుకున్నాడు. పక్కవాడు చూసి తనూ తీశాడు. ఆ పక్కవాడు. కూర్మయ్య తలపాగా విప్పాడు. ఒక్కొక్కరే, చప్పుడు లేకుండా, పేట మగాళ్లందరూ లేచి తువ్వాళ్లు నడుముకి కట్టుకున్నారు. అది తమకి చేస్తున్న మర్యాద అనుకుని వచ్చినవాళ్లు కూడా లేచి నిలబడ్డారు.

సూరయ్య ఒంటిచేత్తో తువ్వాలు తీశాడు. నడుము చుట్టూ తిప్పలేకపోయాడు. కొస జారిపోతే మళ్లీ అందుకున్నాడు, మళ్లీ జారింది. యుగంధర్ వచ్చి ఎదురుగా వంగి, ఆ కొస అందుకుని, బావ నడుముకి చుట్టి ముడివేశాడు. సూరయ్య వద్దనలేదు.

పైన రోడ్డు మీద ఉమాశంకర్ వేన్ హారన్ కొట్టింది. కాసేపాగి మళ్లీ కొట్టింది. గంపల దగ్గరికి ఒక్క ఆడమనిషి కూడా కదల్లేదు.